ఊళ్లోకి వచ్చిన ఫైబర్ ఇంట్లోకి వచ్చిందా? ఆంధ్రప్రదేశ్‌కు కావాల్సిన బ్రాడ్‌బ్యాండ్ మ్యాపు

పంచాయతీలకు ఫైబర్ వేసే కేంద్ర పథకం భారత్‌నెట్ లెక్కల్లో ఒక గ్రామ పంచాయతీ ‘సర్వీస్ రెడీ’ అయిందంటే, మండల కేంద్రంలోని ఓఎల్‌టీ (ఫైబర్‌లోకి వెలుతురు పంపే ప్రధాన పరికరం) నుంచి పంచాయతీ కార్యాలయంలోని ఓఎన్‌టీ (ఆ వెలుతురును అందుకునే చివరి పరికరం) పెట్టె దాకా ఫైబర్ పడి, ఆ పెట్టె వెలిగిందని అర్థం. అంతకు మించి అందులో ఏమీ లేదు. ఆ పంచాయతీ కింద మూడు శివారు పల్లెలు, ఒక తండా, వాగు అవతల ఎస్సీ కాలనీ ఉండొచ్చు. వాటిలో ఒక్క ఇంటికీ తీగ వెళ్లకపోయినా రాష్ట్ర మ్యాపులో పంచాయతీ మొత్తం పచ్చరంగులోకి మారిపోతుంది. తర్వాతి విడత నిధులు ఏ ఊరికి ఇవ్వాలో ఈ రంగులు చూసే తేలుస్తారు. ఎర్రగా ఉండాల్సిన చోటు పచ్చగా పడితే ఆ ఊరి వంతు ఇక రానే రాదు. అందుకే మ్యాపు తప్పుగా ఉండటం చిన్న విషయం కాదు.

మ్యాపు రెండు ప్రశ్నలకు విడివిడిగా జవాబు చెప్పాలి. అడిగితే ఈ ఇంటికి కనెక్షన్ వస్తుందా? ఈ ఇంట్లో మనుషులు నెట్ వాడుతున్నారా? మొదటిది అందుబాటు, రెండోది వాడకం. అందుబాటును ఇంటి గడప దగ్గర, వాడకాన్ని మనిషి దగ్గర కొలవాలి. బహిరంగంగా దొరికే మన లెక్కల్లో మొదటిది పంచాయతీ కార్యాలయం దగ్గర ఆగిపోయింది, రెండోది ఏకంగా టెలికాం సర్కిల్ (ఫోన్ సేవల కోసం దేశాన్ని విడగొట్టిన పెద్ద ప్రాంతం) దగ్గరే ఆగిపోయింది.

పెద్ద గీతల్లో కొలిస్తే ఎంత నష్టమో అమెరికా అనుభవం చెబుతుంది. అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి ఇంటర్నెట్ కంపెనీలు ఆరు నెలలకోసారి ‘ఫారం 477’ నింపి ఇచ్చేవి. కొలతకు ఆధారం జనగణన బ్లాకు. బ్లాకులో ఒక్క ఇంటికి కనెక్షన్ ఇవ్వగలిగితే చాలు, బ్లాకు మొత్తానికీ సేవ ఉన్నట్టే. నగరంలో బ్లాకంటే నాలుగు వీధుల మధ్య చోటు కాబట్టి తేడా తక్కువ. పల్లెల్లో ఒక్కో బ్లాకు మైళ్ల కొద్దీ ఉంటుంది. పైగా కంపెనీ రాసిచ్చిందే లెక్క. ఒక చిన్న కంపెనీ ఎనిమిది రాష్ట్రాల్లో దాదాపు ప్రతి బ్లాకులోనూ తన సేవ ఉందని నింపేస్తే, ఆ అంకెలు 2019 నాటి జాతీయ నివేదిక ముసాయిదా దాకా వెళ్లాయి. బయటివాళ్లు పట్టుకున్నాకే దిద్దారు. 2020 మార్చిలో బ్రాడ్‌బ్యాండ్ డేటా చట్టం తెచ్చి, 2022 నవంబరు 18న కొత్త మ్యాపు విడుదల చేశారు. అందులో ప్రతి కట్టడానికీ ఒక చుక్క, ఒక గుర్తింపు సంఖ్య ఉన్నాయి. బ్రాడ్‌బ్యాండ్ లేని చోట్లకు చేర్చేందుకు పెట్టిన 42.45 బిలియన్ డాలర్ల ‘బీడ్’ పథకం నిధుల్లో ఏ రాష్ట్రానికి ఎంతో 2023 జూన్‌లో ప్రకటించింది ఈ చుక్కలు లెక్కపెట్టే.

ఆ చట్టం నుంచి మనం తెచ్చుకోవాల్సిన ముఖ్యమైన సంగతి అందుబాటుకు ఇచ్చిన నిర్వచనం. ఇంటివాళ్లు అడిగిన 10 పనిదినాల్లోపు, మామూలు ఛార్జీతో, కొత్తగా లైను పొడిగించే పని లేకుండా కనెక్షన్ ఇవ్వగలిగితేనే ఆ ఇంటికి సేవ ఉన్నట్టు. ‘మా కేబుల్ ఆ రోడ్డు వెంట పోతోంది’ అంటే చాలదు. ‘పదిమంది కలిస్తే వేస్తాం’ అన్నా చాలదు.

చుక్కలు పెట్టే పని

ఇంటి స్థాయి మ్యాపుకు మొదట ఇళ్ల జాబితా కావాలి. ఎక్కువ పని ఇక్కడే ఉంది, ఎక్కువ తప్పులు పుట్టేదీ ఇక్కడే. మూడు వనరులు చేతికి దొరుకుతాయి. 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకం కింద గ్రామకంఠాలను డ్రోన్లతో కొలిచారు. అది జరిగిన ఊళ్లో ఇంటి హద్దులే దొరుకుతాయి. లేనిచోట ఉపగ్రహ చిత్రాల నుంచి తీసిన గూగుల్, మైక్రోసాఫ్ట్ కట్టడాల ఆకృతులను ఉచితంగా వాడుకోవచ్చు. మూడోది గ్రామ సచివాలయాల దగ్గరున్న కుటుంబాల జాబితా. మొదటి రెండూ కప్పులను చూపిస్తాయి, మూడోది కుటుంబాలను చూపిస్తుంది. ఈ రెండూ ఎప్పుడూ సమానం కావు.

కప్పు కనిపించిన చోటల్లా ఇల్లు ఉండదు. పశువుల పాక, బోరు మోటారు షెడ్డు, పొగాకు బ్యారన్, కోళ్ల ఫారం, రొయ్యల చెరువు గట్టు మీద కాపలా గది, అన్నీ పైనుంచి ఒకేలా ఉంటాయి. 15–20 చదరపు మీటర్ల లోపు కప్పులను పక్కన పెడితే షెడ్లు చాలావరకు పోతాయి. కానీ గూడేల్లో, మత్స్యకార పల్లెల్లో మనుషులుండే ఇళ్లు కూడా అంతే ఉంటాయి కాబట్టి అక్కడ ఆ వడపోత వేయకూడదు. వేస్తే పేదవాళ్ల ఇళ్లే మ్యాపులోంచి మాయమవుతాయి. పట్టణంలో తప్పు దీనికి తలకిందులుగా ఉంటుంది. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ ఒక్క కప్పుగా పడుతుంది గాని అందులో ఇరవై కుటుంబాలుంటాయి. అందుకే ప్రతి చుక్కకూ ‘ఎన్ని కుటుంబాలు’ అనే గడి ఉండాలి. వలసల ఊళ్లలో తాళం వేసిన ఇళ్లకు వేరే గుర్తు పెట్టాలి. వాటిని అందుబాటు లెక్కలో ఉంచి, వాడకం లెక్కలో తీసేయాలి.

తర్వాత ఊళ్ల పేర్లు. రాష్ట్రంలో కొత్తపల్లులు, రామాపురాలు, లక్ష్మీపురాలు ఎన్నో ఉన్నాయి. పేరుతో జోడిస్తే ఒక జిల్లా ఫైబర్ మరో జిల్లా ఊరికి అతుక్కుంటుంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో ప్రతి ఊరికీ, పంచాయతీకీ ఒక కోడ్ ఉంది. ప్రతి పట్టికలోనూ ఆ కోడే తాళంచెవి కావాలి. జనాభా లెక్కలు మాత్రం 2011 నాటివే ఉన్నాయి. ఆ తర్వాత 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకన్నా ముఖ్యంగా, 2014లో ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం వంటి మండలాలు 2011 లెక్కల్లో ఖమ్మం కిందే ఉంటాయి. పాత 13 జిల్లాల ఫైళ్లు తెచ్చి కలిపితే పోలవరం ముంపు మండలాలు పూర్తిగా జారిపోతాయి. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సి వచ్చే ఊళ్లు ఆ అడవి మండలాల్లోనే ఎక్కువ. వాటిని విడిగా కలిపారో లేదో చూడటం మొదటి తనిఖీ కావాలి.

అక్షాంశ రేఖాంశాల తప్పులు ఇంకో రకం. విజయవాడ సుమారుగా 16 డిగ్రీల 31 నిమిషాల ఉత్తర అక్షాంశం, 80 డిగ్రీల 38 నిమిషాల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. డిగ్రీలు నిమిషాల్లో ఉన్న దాన్ని దశాంశంలోకి మారిస్తే 16.52, 80.63 అవుతుంది. మార్చకుండా 16.31, 80.38 అని ఎక్కించేస్తే అక్కడి ఫైబర్ పరికరం మ్యాపులో దక్షిణానికి 20 కిలోమీటర్లకు పైగా, పడమరకు 25 కిలోమీటర్లకు పైగా జరిగి గుంటూరు పక్కన తేలుతుంది. చుక్క రాష్ట్రంలోనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అక్షాంశ రేఖాంశాలు తారుమారైతే చుక్క ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ దీవుల వైపు పోతుంది, వెంటనే దొరికిపోతుంది. ప్రమాదమంతా మొదటి రకంతోనే. దాన్ని పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. దశాంశం తర్వాతి రెండంకెలు ఏ నమోదులోనూ 59 దాటకపోతే ఆ ఫైలంతా నిమిషాల్లోనే ఉందని అనుమానించాలి. ప్రతి చుక్కా తన కోడ్ చెప్పే మండలం హద్దుల్లోనే పడుతోందా అన్నది రెండో పరీక్ష.

కేబుల్ పోతోందంటే కనెక్షన్ వస్తుందని కాదు

ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ 2015లో ఏర్పడింది. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా సుమారు 24 వేల కిలోమీటర్ల కేబుల్ లాగి, విద్యుత్ సబ్‌స్టేషన్లలో పరికరాలు పెట్టి, అక్కడి నుంచి ఇంటిదాకా స్థానిక కేబుల్ ఆపరేటర్లకు అప్పగించింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, నెట్ కలిపి ఇస్తామన్న ఆ పథకం ఖర్చు తక్కువలో ఎంతో దూరం వెళ్లింది. తెలంగాణ టీ-ఫైబర్ దారి వేరు, మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకంలోనే ఫైబర్ గొట్టం వేశారు. స్తంభాల మీది తీగ త్వరగా పడుతుంది, త్వరగానే తెగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో వేల స్తంభాలను పడగొట్టినప్పుడు కరెంటుతో పాటు కేబుల్ కూడా నేలపాలయింది. కాబట్టి తీగ దారిని గీసే పొరలో ‘స్తంభం మీదా, భూమి లోపలా’ అన్నది తప్పనిసరి గడి.

తీగ ఉన్న ఊళ్లోనూ కనెక్షన్ రాకపోవడానికి మామూలు కారణం కాంతి నష్టం. ఒక ఫైబర్‌ను చీల్చి చాలా ఇళ్లకు పంచే జీపాన్ పద్ధతిలో బి ప్లస్ తరగతి పరికరాలకు ఓఎల్‌టీ నుంచి ఓఎన్‌టీ దాకా 28 డెసిబెల్స్ (వెలుతురు ఎంత తగ్గిందో కొలిచే ప్రమాణం) నష్టమే అనుమతి. సబ్‌స్టేషన్ నుంచి 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ఊరిని తీసుకుందాం. కిలోమీటరుకు 0.35 చొప్పున ఫైబర్‌లో 4.2 పోతుంది. ఒక తీగను 32గా చీల్చే స్ప్లిటర్‌లో సుమారు 17, నాలుగు కనెక్టర్లలో 2, పన్నెండు అతుకుల్లో 1.2. మొత్తం 24.4, అంటే ఇంకా 3.6 మిగిలింది. ఇప్పుడు ఊళ్లో గిరాకీ పెరిగిందని కేబుల్ ఆపరేటర్ చివర్లో నాలుగు దారుల చిన్న స్ప్లిటర్ ఇంకొకటి పెడతాడు. దానికి 7 డెసిబెల్స్. మొత్తం 31 దాటిపోయింది. ఓఎన్‌టీ మీద ఎర్రలైటు కొట్టుకుంటూ ఉంటుంది, లేదా పొద్దున పనిచేసి మధ్యాహ్నం ఎండకు ఆగిపోతుంది. తీగ తెగిన ప్రతిసారీ మధ్యలో ముక్క వేసి అతికితే రెండు అతుకులు పెరుగుతాయి. హడావుడిగా వేసిన అతుకు 0.1కి బదులు 0.4 తినేస్తుంది. నాలుగైదు సార్లు తెగిందంటే చివరి ఇళ్లకు వెలుతురు చాలదు. వెలుతురు బలాన్ని డీబీఎంలలో కొలిచే పవర్ మీటర్‌లో మైనస్ పక్కన అంకె పెరిగే కొద్దీ వెలుతురు తగ్గినట్టు. మైనస్ 25 డీబీఎం లోపల చూపిస్తే నిశ్చింత, మైనస్ 27 దాటితే ఆ ఇంటిని అందుబాటు జాబితాలోంచి తీసేయాలి. ఓఎల్‌టీ సాఫ్ట్‌వేర్‌లోనే ప్రతి ఓఎన్‌టీ వెలుతురు అంకె కనిపిస్తుంది. మ్యాపు తయారీదారులు ఆపరేటర్లను మొదట అడగాల్సిన ఫైలు ఇది.

రెండో కారణం ఇరుకు. ఓఎల్‌టీలో ఊరి ఫైబర్‌ను తగిలించే ఒక్కో పాన్ పోర్టు 2.5 గిగాబిట్లను 32 ఇళ్లకు పంచుతుంది. అందరూ ఒకేసారి వాడినా ఇంటికి 78 ఎంబీపీఎస్ వస్తాయి, బాగానే ఉంది. కానీ ఎనిమిది పోర్టుల ఓఎల్‌టీకి వెనక నుంచి వచ్చే లైను ఒక్క గిగాబిట్టే అయితే, 256 ఇళ్లు నిండాక రాత్రి పూట ఇంటి వాటా 4 ఎంబీపీఎస్ లోపే. బోర్డు మీద 100 ఎంబీపీఎస్ ప్లాను అని రాసి ఉన్నా అంతే. అందుకే మ్యాపులో ప్రకటించిన వేగం, సాయంత్రం 7 నుంచి 10 మధ్య కొలిచిన వేగం రెండూ పక్కపక్కన ఉండాలి. ఖాళీ పోర్టుల సంఖ్య కూడా కావాలి. పోర్టులు నిండిన ఊళ్లో కొత్త ఇంటికి సేవ లేదనే రాయాలి.

వేగం గీత ఎక్కడ గీయాలన్నదీ తేలాలి. 2013 నుంచి మన దేశంలో 512 కేబీపీఎస్ ఉంటే బ్రాడ్‌బ్యాండే. 2023 జనవరిలో దాన్ని 2 ఎంబీపీఎస్ చేశారు. అమెరికాలో 2024 మార్చి నుంచి దింపుకోవడానికి 100, ఎక్కించడానికి 20. మన 2 ఎంబీపీఎస్ గీతతో మ్యాపు గీస్తే 4జీ టవరు ఉన్న చోటల్లా పచ్చదనమే, తేడాలేమీ కనిపించవు. ఇంట్లో ఇద్దరు పిల్లలు వీడియో పాఠాలు వింటూ, ఒకరు పని చేసుకోవాలంటే 10 ఎంబీపీఎస్ అయినా కావాలి. 2, 10, 30, 100 అని నాలుగు మెట్లు పెట్టి, ఎక్కించే వేగాన్ని వేరుగా చూపితే మ్యాపు పనికొస్తుంది.

మొబైల్ పొర గురించి కొంచెమే చెప్పాలి. మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నాణ్యతా నిబంధనల ప్రకారం కంపెనీలు తమ కవరేజీ మ్యాపులను వెబ్‌సైట్లలో పెట్టాల్సి ఉంది. అవి కంప్యూటర్ లెక్కగట్టిన ఆరుబయటి సిగ్నల్. స్లాబు ఇంట్లోకి వెళితే 10 నుంచి 20 డెసిబెల్స్ పడిపోతుంది, అంటే వాకిట్లో మైనస్ 100 డీబీఎం ఉన్న సిగ్నల్ గదిలో మైనస్ 115 అయి వీడియో ఆగిపోతుంది. పాడేరు, చింతపల్లి వైపు కొండ మలుపు దాటితే సున్నా. అక్కడ రోడ్డు మీద కారులో తిరిగి కొలిస్తే సరిపోదు, ఎందుకంటే గూడేలు రోడ్డు మీద ఉండవు. ఆశా కార్యకర్తలు, సచివాలయ సిబ్బంది ఎలాగూ ఇంటింటికీ వెళతారు. వాళ్ల ఫోన్లలో సిగ్నల్ బలాన్ని, స్థలాన్ని నమోదు చేసే చిన్న యాప్ ఉంటే ఒక్క నెలలో దొరికే కొలతలు ఏ డ్రైవ్ టెస్టూ ఇవ్వలేదు.

వాడకం అంకెలు ఎందుకు మోసం చేస్తాయి

2024 చివరికి దేశంలో 94 కోట్ల పైచిలుకు బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లున్నాయని ట్రాయ్ లెక్క. అందులో తీగ ద్వారా వచ్చేవి 4 కోట్ల పైచిలుకే, మిగతావన్నీ దాదాపు మొబైల్. ఇవి సిమ్‌ల లెక్క, మనుషుల లెక్క కాదు. రెండు సిమ్‌లున్న ఒక్కరు రెండుసార్లు పడతారు. ఒక్క ఫోను పంచుకునే నలుగురు ఒక్కరుగా పడతారు. ఆంధ్రప్రదేశ్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. రాష్ట్రం విడిపోయినా టెలికాం సర్కిల్ విడిపోలేదు. ట్రాయ్ నివేదికలో ‘ఆంధ్రప్రదేశ్’ అంటే తెలంగాణ కూడా కలిసిన సర్కిల్. హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల కనెక్షన్లు, శ్రీకాకుళం జాలర్ల కనెక్షన్లు ఒకే అంకెలో ఉంటాయి. ఆ అంకెను ఆంధ్రప్రదేశ్ జనాభాతో భాగిస్తే నూటికి నూరు దాటినా ఆశ్చర్యం లేదు. అయినా పత్రికల్లో, అధికారిక ప్రజెంటేషన్లలో ఆ భాగహారం కనిపిస్తూనే ఉంటుంది.

మనిషి దగ్గర కొలిస్తే బొమ్మ మారిపోతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (అయిదో విడత) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో జీవితంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణ మహిళల్లో 26.5 శాతం. దేశం మొత్తం మీద మహిళల సగటు 33.3. ఫైబర్ విషయంలో దేశానికి దారి చూపిన రాష్ట్రంలో మహిళల వాడకం దేశ సగటు కన్నా పన్నెండు పాయింట్లు తక్కువ. ఆ సర్వే తర్వాత ఫోన్లు, డేటా బాగా పెరిగిన మాట నిజమే. కానీ ఇంట్లో కనెక్షన్ ఉండటం, ఇంట్లో ఆడవాళ్లు వాడటం వేర్వేరన్న సంగతిని సర్కిల్ లెక్క ఎన్నటికీ చూపించలేదు.

అందుకని వాడకం సర్వేలో ‘మీ ఇంట్లో ఇంటర్నెట్ ఉందా’ అనే ఒక్క ప్రశ్నతో సరిపెట్టకూడదు. చేతిలో సొంత స్మార్ట్‌ఫోను ఉందా, ఇవాళ్టికి డేటా రీఛార్జి ఉందా, గత ఏడు రోజుల్లో ఏం పనికి వాడారు, ఒకరి సాయం లేకుండా వాడగలరా అని ఇంట్లో ఒక మగ, ఒక ఆడ మనిషిని విడివిడిగా అడగాలి. ఇంటి పెద్దనే అడిగితే భార్య తరఫున, కోడలి తరఫున అతనే ‘వాడతారు’ అని చెప్పేస్తాడు. నెట్ లేని ఇంట్లో ‘ఎందుకు లేదు’ అని అడిగి, జవాబుల జాబితాను చదివి వినిపించకుండా వాళ్లు చెప్పింది రాసుకోవాలి. చదివి వినిపిస్తే అందరూ మొదటి జవాబైన ‘ఖరీదు’ దగ్గరే ఆగుతారు.

ఎన్ని ఇళ్లు కావాలి? 95 శాతం నమ్మకంతో, అటూఇటూ 5 పాయింట్ల తేడాతో అంకె కావాలంటే యాదృచ్ఛికంగా తీసిన 385 ఇళ్లు చాలు. కానీ ఊళ్లను ఎంచుకుని ఊరికి పదీ పదిహేను ఇళ్లు చొప్పున అడుగుతాం కాబట్టి, పక్కపక్క ఇళ్ల జవాబులు ఒకేలా ఉంటాయి. దానికి రెట్టింపు చేసి 770 అనుకోవాలి. 2022లో ఏర్పడిన 26 జిల్లాల లెక్కన సుమారు 20 వేల ఇళ్లు, ఒక సీజన్‌లో అయ్యే పనే. రాష్ట్రంలోని 600కు పైగా మండలాల్లో ప్రతిదానికీ అదే కచ్చితత్వం కావాలంటే 4.6 లక్షల ఇళ్లు దాటుతుంది, అది సర్వేతో అయ్యేది కాదు. మండల అంకెను ఆపరేటర్ల కనెక్షన్ల సంఖ్య, అక్షరాస్యత, ఇంటి రకం వంటి వాటి నుంచి అంచనా కట్టాలి. అది అంచనా అని మ్యాపులో గళ్ల గీతలతో చూపించాలి. కొలిచిన అంకెకూ అంచనా అంకెకూ ఒకే రంగు వేయడం చదివేవాళ్లకు చేసే అన్యాయం. 2027 జనగణన ఇళ్ల జాబితాలో ఇంటర్నెట్ సదుపాయం ప్రశ్న ఉంది కాబట్టి ఆ అంకెలు వచ్చాక ఈ అంచనాలను సరిచూసుకోవచ్చు.

రెండు పొరలనూ ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడే మ్యాపు పనిలోకి వస్తుంది. తీగ ఉండి వాడకం లేని మండలానికి మరో కిలోమీటరు ఫైబర్ వేస్తే డబ్బు వృథా. అక్కడ కావాల్సింది ఫోను కొనుక్కునే దారి, డ్వాక్రా సంఘాల ద్వారా నేర్పే మనిషి. తీగ లేకపోయినా వాడకం బాగా ఉన్న చోట రెండు అర్థాలుంటాయి. జనం మొబైల్ డేటాతో నెట్టుకొస్తున్నారు, లేదా ఏ లెక్కలోనూ ఎక్కని స్థానిక కేబుల్ ఆపరేటర్ ఇప్పటికే కనెక్షన్లు ఇస్తున్నాడు. మొదటిదైతే ఫైబర్‌కు ఇదే సరైన ఊరు, వేసిన నెలలోనే కనెక్షన్లు నిండుతాయి. రెండోదైతే అతన్ని లెక్కలోకి తెచ్చుకోవాలి, అతని మీదకు ప్రభుత్వ సొమ్ముతో పోటీ దింపకూడదు. రెండూ లేని చోట తీగా, నేర్పే మనిషీ ఒకేసారి వెళ్లాలి. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ పంచాయతీలు కాని ఊళ్లకు గిరాకీని బట్టి ఫైబర్ ఇస్తామంటోంది. గిరాకీ అడగడం తెలిసిన ఊళ్లే ముందు అడుగుతాయి. మూగగా ఉండిపోయే ఊళ్లను వెతికి చూపించే సాధనం ఈ రెండు పొరల మ్యాపు ఒక్కటే.

ఎంత జాగ్రత్తగా చేసినా తప్పులుంటాయి కాబట్టి అభ్యంతరం చెప్పే దారి మొదటి రోజు నుంచే ఉండాలి. ‘మా ఇంటికి సేవ ఉందని మ్యాపు చెబుతోంది, అడిగితే ఇవ్వలేదు’ అని ఎవరైనా సచివాలయంలో చెప్పగలగాలి. ఇంటి గుర్తింపు సంఖ్య, కనెక్షన్ అడిగిన తేదీ, ఆపరేటర్ ఇచ్చిన జవాబు, ఈ మూడూ ఉంటే చాలు. నిరూపించుకునే బాధ్యత అక్కడి నుంచి ఆపరేటర్ మీద పడాలి. 30 రోజుల్లో కనెక్షన్ ఇచ్చి చూపించాలి, లేకపోతే ఆ చుక్క ఎర్రగా మారాలి. ఒకే శివారులో అయిదారు చుక్కలు ఎర్రబడితే చుట్టుపక్కల వాటన్నిటినీ మళ్లీ కొలవాలి. మ్యాపును మూడు నెలలకోసారి కొత్తగా విడుదల చేస్తూ, పాత సంచికలను చెరపకుండా ఉంచాలి. ప్రతి చుక్క మీదా చివరిసారి కొలిచిన తేదీ కనిపించాలి. ఏడాది దాటిన కొలతకు పచ్చరంగు తీసేసి బూడిదరంగు వేయాలి.